బెల్లంపల్లి సముద్రం

ఈ ఉదయం బకెట్టులో ఉప్పు కలుపుతున్నాను. శుద్ధి చేసిన నీళ్ళలో సముద్రపు ఉప్పు పొడిని కొద్దికొద్దిగా వేస్తూ చెక్క గరిటెతో తిప్పుతుంటే మొదట నీళ్ళు తెల్లబడతాయి, కాసేపటికి తేటపడతాయి. అప్పుడొక వాసన లేస్తుంది. తడిసిన రాతిదీ కాదు, ఇనుముదీ కాదు, ఆ రెంటికీ మధ్యది. సముద్రం పక్కన బతికినవాళ్ళకు ఆ వాసనతో ఏ తీరమో, ఏ పడవలో గుర్తుకొస్తాయేమో. కరీంనగర్‌లో పుట్టి పెరిగిన నాకు మాత్రం సముద్రం వాసన అంటే బెల్లంపల్లి. అక్కడి బొగ్గు గని క్వార్టర్లలో ఒక చిన్న ముందుగది, కిటికీ చువ్వల మీద నల్లటి దుమ్ము, గోడవారగా నీలం వెలుగులో ఒక గాజు తొట్టి, దాని పక్కన కుర్చీలో కాళ్ళు బారచాపుకొని ఒక పొడుగాటి మనిషి. ఆ వాసన తగలగానే నాలో ముందుగా లేచేది అసూయ. ఆ మనిషి జ్ఞాపకం దాని వెనకాల వస్తుంది. ఇన్నేళ్ళయినా ఆ వరస మారలేదు కనుక నేనూ ఆ వరసలోనే చెప్తాను.

ఆయన పేరు రాజేశం. నా భార్య సునీతకు అక్క భర్త, అంటే నాకు షడ్డకుడు. షడ్డకుల సంబంధం విచిత్రమైనది. రక్తం కలవదు, కోరి చేసుకున్న స్నేహమూ కాదు. ఒకే ఇంటి ఆడపిల్లలను పెళ్ళాడినందుకు జీవితాంతం ఒకే తరాజులో చెరొక పళ్ళెంలో కూర్చోవాలి. నేను హుస్నాబాద్‌లోని ఆ ఇంటికి అల్లుణ్ణయ్యేనాటికే ఆయన అక్కడి మంచి జాగాలన్నీ ఆక్రమించి ఉన్నాడు. వాకిట్లో వేపచెట్టు నీడలో మంచం ఆయనది. యాటను కోస్తే కార్జం ముక్కలు ముందుగా పడేది ఆయన పళ్ళెంలో. మా మామకు ఎరువుల దుకాణం ఉండేది. ఎవరితోనూ రెండు మాటలకు మించి మాట్లాడని ఆ మనిషి పెద్దల్లుడు వస్తే దుకాణం మూసి ఇంటికొచ్చి కూర్చునేవాడు. నేను వెళ్ళినప్పుడు ఏనాడూ దుకాణం మూయలేదు. అది చిన్న విషయమే. కానీ నా అసూయకు పెద్ద విషయాలతో ఎప్పుడూ పని లేకపోయింది.

రాజేశం అన్న బొగ్గు గనిలో మైనింగ్ సర్దార్. అక్కడివాళ్ళు గనిని బాయి అంటారు. కార్మికులు బాయిలోకి దిగే ముందు సర్దార్ దిగి పని జరిగే చోటు చూడాలి. చేతికర్రతో పైకప్పును తట్టి ఆ చప్పుడును బట్టి రాయి గట్టిగా ఉందో, వదులైందో చెప్పాలి. దీపం మంట చూసి గాలిలో విషవాయువు ఉందో లేదో చెప్పాలి. ఒక సర్దార్ డ్యూటీ దిగిపోతూ తరువాతి సర్దార్‌కు పని అప్పగించేటప్పుడు ముందుగా ఏది చెడ్డదో చెప్తాడట. ఫలానా చోట కప్పు కారుతోంది, ఫలానా మలుపులో గాలి బాగా లేదు అని. మంచిది చెప్పకపోయినా ఎవరూ చావరు కదా అనేవాడు ఆయన. ఆ అలవాటు ఆయన ఇంటికి, పెళ్ళిళ్ళకు, పండగలకు కూడా మోసుకొచ్చాడు. ఏ ఇంటికి వెళ్ళినా వేళ్ళ కణుపులతో గోడ తట్టి చూసేవాడు. ఎవరు కనపడినా ముందుగా చెడ్డది అడిగేవాడు, తన చెడ్డది చెప్పేవాడు.

నన్ను మొదటిసారి చూసినప్పుడూ అంతే. మా పెళ్ళి మాటలనాడు పెద్దలంతా లోపల ఉండగా నన్ను అరుగు మీదికి పిలిచాడు.

"తమ్మీ, ముందుగాల నీ చెడ్డది చెప్పు. మంచిది మీ వాళ్ళు పొద్దటిసంది చెప్తనే ఉన్నరు."

"చెడ్డదేం లేదన్నా. అంతా మంచిదే."

ఆయన నవ్వి, "అంతా మంచిగున్నదన్నోని మాట మీద మేం బాయిల దిగం," అన్నాడు. తర్వాత గొంతు పెంచి, లోపలి వాళ్ళకు వినపడేటట్టు తన చిట్టా విప్పాడు. "నేను గురక పెడ్త. పేకాట్ల ఓడితే రెండు దినాలు మాట్లాడ. మా సరోజనను అడుగు, కూరగాయలు తెమ్మంటే పుచ్చులే తెస్త." లోపల ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. సరోజన వదినె గడప దగ్గరికొచ్చి, "ఒక్కటి మర్శిండు, జర పొంకనాలు, గొప్పలు గూడ ఎక్కువనే," అంది. ఆ నవ్వులో సునీత నవ్వు కూడా ఉంది. నేను నాలో తప్పేమీ లేదని చెప్పి చిన్నవాణ్ణయ్యాను. ఆయన తన తప్పులన్నీ వరసగా చెప్పుకొని పెద్దవాడయ్యాడు. ఇది ఎట్లా జరుగుతుందో నాకు అప్పుడు అర్థం కాలేదు. కానీ ఆయన మీద అసూయ ఆనాడే మొదలైంది.

తర్వాత కొన్నేళ్ళకు ఆయన కంటి ఆపరేషన్ కోసం హైదరాబాద్ వెళ్ళి, ఆ ఆసుపత్రి హాల్లో ఉప్పునీటి అక్వేరియం చూశాడు. తన నంబరు పిలిచినా కదలకుండా దాని ముందు నిలబడితే ఆయా వచ్చి చెయ్యి పట్టి తీసుకెళ్ళిందట. అంతే, బెల్లంపల్లి క్వార్టర్‌లో సముద్రం పెడతానని కూర్చున్నాడు. విని నేను మనసులో సంతోషించాను. ఉప్పునీటి చేపల పెంపకం మంచినీటి చేపల వంటిది కాదని, డబ్బా పట్టుకొచ్చి రంగురాళ్ళు పోస్తే అయ్యేది కాదని నా దుకాణానికొచ్చే ఒకాయన చెప్పగా విన్నాను. కరీంనగర్‌లో నాకు కరెంటు సామాన్ల దుకాణం ఉంది. అక్వేరియాలకు లైట్లు, మోటర్లు నా దగ్గరే కొంటారు. ఒకసారి పరువు పోగొట్టుకుంటే రాజేశం అన్న కాళ్ళు నేల మీదికొస్తాయి అనుకున్నాను.

ఆ వేసవిలో మేము బెల్లంపల్లి వెళ్ళేసరికి ముందుగదిలో కుర్చీలు సినిమా హాల్లో లాగా వరసగా వేసి ఉన్నాయి. పక్క క్వార్టర్ల వాళ్ళు నలుగురైదుగురు కూర్చుని ఉన్నారు. ఎదురుగా తొట్టి. నిండా నీళ్ళు, నీలం లైటు, అడుగున తెల్లటి ఇసుక, మధ్యలో చిల్లులు చిల్లులుగా కొన్ని సముద్రపు రాళ్ళు. ఒక్క చేప కూడా లేదు. రెండు టేబుల్ ఫ్యాన్లు నీళ్ళ మీదికి గాలి కొడుతున్నాయి. మనుషులకు మాత్రం చెమటలు కారుతున్నాయి.

"చేపలేవన్నా?" అన్నాను, నా గొంతులో సంతోషం కనపడకుండా జాగ్రత్తపడుతూ.

"ఇంక నీళ్ళు కాలే," అన్నాడు.

ఆయన ఒక చిన్న గాజు గొట్టంలో తొట్టి నీళ్ళు తీసుకుని, మందు చుక్కలు వేసి, ఆడించి, కిటికీ దగ్గర వెలుతురుకు పట్టాడు. నీళ్ళు మెల్లగా ఆకుపచ్చకు తిరిగాయి. అది విషం ఉందన్న గుర్తు. ఆ రాళ్ళలో కంటికి కనపడనంత చిన్న జీవాలుంటాయి, నీళ్ళలో కుళ్ళే ప్రతిదాని నుంచి పుట్టే విషాన్ని అవే తింటాయి, అవి సరిపోయినన్ని పెరిగేదాకా చేపను వేస్తే చస్తుంది. అవి పెరగడానికి వారాలు పట్టవచ్చు, నెలలు పట్టవచ్చు. మందు చుక్కలు వేసినప్పుడు నీళ్ళు పసుపు రంగుకు వస్తే అప్పుడు నీళ్ళు అయినట్టు. ఆయన ఇదంతా చెప్తూ, "బాయిల గాలి గూడ గిట్లనే తమ్మీ. చూస్తే తేటగనే ఉంటది. దీపం చెప్పాలె," అన్నాడు. వెంటనే, ఎవరూ అడగకుండానే, "మొదాలు ఒక చాపను తెచ్చి సంపిన. తొందరపడ్డ. నాదే తప్పు," అన్నాడు. వెనక కుర్చీలోని ముసలాయన, "ఇప్పుడు మమ్ముల సంపుతున్నడు, ఉత్త నీళ్ళు చూపిచ్చి," అన్నాడు. అందరికంటే గట్టిగా రాజేశం అన్నే నవ్వాడు. నేనూ నవ్వాను. కానీ ఆయన పరువు పోలేదు. ఉత్త నీళ్ళు చూడడానికి కూడా మనుషులు వస్తున్నారు.

నీళ్ళు అయ్యాక ఆయన ఒక జోడు చేపలు తెచ్చాడు. నారింజ రంగు ఒంటి మీద తెల్లటి పట్టీలు, ఈదినట్టు కాక ఊగినట్టు కదలడం. వాటికి ఆయన జోకర్లని పేరు పెట్టాడు. పెద్దది ఆడది, చిన్నది మగది, చిన్నది పెద్దదాన్ని వదిలి జానెడు దూరం పోదు. పండగకు వచ్చినవాళ్ళు, పెళ్ళి పత్రికలు పంచడానికి వచ్చినవాళ్ళు, ఎవరైనా సరే బెల్లంపల్లిలో దిగితే రాజేశం సముద్రం చూసి పోవాలి. మా మామ అయితే దుకాణం కొడుక్కు అప్పగించి వారంపాటు అక్కడే ఉండిపోయాడు. తర్వాత మా ఇంటికొచ్చినప్పుడు సోఫాలో కూర్చుని చుట్టూ చూసి, "టీవీ పెద్దదే తెచ్చినవ్ శీనూ. కని ఎంతసేపని చూస్తం," అన్నాడు. ఆ మాట నాలో ముల్లులా దిగి అక్కడే ఉండిపోయింది. ఆయనకు గుర్తు కూడా ఉండదు. ఆ రాత్రే, ఇంకా పునాది కూడా తియ్యని మా కొత్త ఇంట్లో హాలుకూ భోజనాల గదికీ మధ్య గోడలో ఎంత పెద్ద తొట్టి పెట్టాలో నేను లెక్కలు వేసుకున్నాను. ఒక్కటే కొలత నాకు ముఖ్యం. అది బెల్లంపల్లి తొట్టికంటే పెద్దదిగా ఉండాలి.

ఇల్లు లేచింది. గృహప్రవేశానికి రెండు నెలల ముందు తొట్టి పెట్టించాను. సలహాకు రాజేశం అన్నకు ఫోను చెయ్యక తప్పలేదు. ఆయన కొంచెం ముఖం ముడుచుకొని ఉంటే, ఏదైనా దాచుకొని ఉంటే నాకు ఎంత హాయిగా ఉండేదో. ఆయన మరునాడే బస్సు దిగాడు. ఒడిలో బకెట్టు, బకెట్టులో తడి పేపర్లలో చుట్టిన సముద్రపు రాయి. తన తొట్టిలో రాళ్ళన్నిట్లోకీ పాతది, మంచిది. "ఇది పెడితే నీ నీళ్ళు జల్ది అయితయి," అన్నాడు. కొత్త గోడ తట్టి చూసి, "సిమెంటు మంచిగనే పోసిండు," అని మెచ్చుకున్నాడు. చొక్కా విప్పి, ఉప్పు కలిపి, ఇసుక పోసి, పైపులు బిగించి సాయంత్రం దాకా పని చేశాడు. వెళ్ళేటప్పుడు గృహప్రవేశం ఎప్పుడని అడిగి, నేను చెప్పిన తేదీ విని వేళ్ళ మీద వారాలు లెక్కపెట్టాడు.

"ఆనాటికి చేపలు పడాలన్నా. పాలు పొంగే వేళకే వాటిని వదలాలని అయ్యగారిని అడిగి పెట్టించిన," అన్నాను.

"అయ్యగారు ముహూర్తం ఇంటికి పెట్టిండు తమ్మీ. నీళ్ళకు పెట్టలే. నీళ్ళు వాటి టైంకు అవి అయితయి. కాకుంటే ఉత్త నీళ్ళే చూపియ్యి, తప్పేం లేదు."

తప్పేం లేదు. ఆయనకు తప్పు లేదు, ఉత్త నీళ్ళ ముందు కుర్చీలు వేసి నవ్వించగలడు. నాకు ఆ విద్య రాదు. మా వాళ్ళలో కొత్త బండి కొన్నా, కొత్త మిషను బిగించినా ముహూర్తం చూసి కొబ్బరికాయ కొట్టి మొదలుపెడతాం, అది మొదలవుతుంది. నీళ్ళు కూడా అట్లాగే మాట వింటాయని, వినకపోతే నాకు అవమానమని అనుకున్నాను. ప్రతి ఆదివారం పొద్దున ఆయన ఫోను చేసేవాడు. ఒకే ప్రశ్న. "నీళ్ళు అయినయా?" కాలేదన్నా, అనేవాణ్ణి. "కాకపోతే కానియ్యి, ఫికర్ చెయ్యకు," అనేవాడు. గృహప్రవేశానికి ముందు ఆదివారం నేను గాజు గొట్టం వెలుతురుకు పట్టి చూశాను. ఆకుపచ్చ. అదివరకటికంటే కొంచెం లేత అంతే. నీళ్ళను మొక్కల్లో పారబోస్తుండగా ఫోను మోగింది.

"నీళ్ళు అయినయా?"

"అయినయన్నా," అన్నాను.

"పసుపు రంగొచ్చిందా?"

"వచ్చింది."

"పొద్దటి ఎల్తుర్ల చూసినవా, లైటు కిందనా?"

"పొద్దటి ఎల్తుర్లనే."

అటునుంచి ఆయన సంతోషం నా చెవిలో గలగలమంది. "అట్లయితే దుకాణంల చాపలు కొనకు. నా జోడు తెస్త. కొత్త చాపలు పది మందిని చూస్తే రాళ్ళ సందుల దాసుకుంటయి. నా జోకర్లకు మనుషులు అలవాటు. నీ గృహప్రవేశం నాడు ఆడుతయి."

ఇక్కడ ఒక మాట దాచకుండా రాయాలి. ఆ క్షణం నాకు భయం వేయలేదు. ఆ చేపలు చస్తాయన్న ఆలోచన కూడా నిలబడలేదు. నాకు కలిగింది ఒకటే సంతోషం. ఇక బెల్లంపల్లి తొట్టి ఖాళీ అవుతుంది, చూడడానికి వచ్చేవాళ్ళంతా మా ఇంటికి వస్తారు అని.

గృహప్రవేశం నాడు ఆయన తెల్లవారకముందే బయల్దేరి థర్మాకోల్ డబ్బాలో చేపలను తెచ్చాడు. సంచీని తొట్టిలో తేలవేసి, మా నీళ్ళు గ్లాసుతో కొంచెం కొంచెం సంచీలో పోస్తూ వాటిని అలవాటు చేశాడు. నడుమ ఒకసారి తలెత్తి, "చూసినవు గద?" అన్నాడు. నేను పంచె సర్దుకుంటూ తల ఊపాను. ఆయన మళ్ళీ అడగలేదు. డబ్బాలో ఆయన చుక్కల మందు సీసా ఉంది. దాన్ని తియ్యలేదు. అప్పగించిన మనిషి మాట మీద లోపలికి దిగడం ఆయన పాతికేండ్ల అలవాటు. పాలు పొంగాయి. చేపలు వదిలాం. జోకర్లు ఊగుతూ ఈదాయి. బంధువులంతా అద్దం దగ్గర మూగారు. మా మామ కుర్చీ తెప్పించుకొని తొట్టి ముందు వేసుకున్నాడు, "శీను మంచి పని చేసిండు," అన్నాడు. రాజేశం అన్న తన పేరు ఎవరూ ఎత్తకుండా వంటల దగ్గరికి వెళ్ళిపోయాడు. పొగడ్త అంతా నాకే రావాలని వెళ్ళాడని నాకు తెలుసు. అది తెలిసినందుకు కూడా నాకు ఆయన మీద మంటగానే ఉండింది.

రెండో బంతి భోజనాలు నడుస్తుండగా మామ కేకేశాడు. చేపలు రెండూ నీటి పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. రాజేశం అన్న చేతిలో గరిటె వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. గాలి మోటరు పెంచాడు, బకెట్టులో మిగిలిన ఉప్పునీళ్ళు పోశాడు. చిన్నది ముందు పక్కకు ఒరిగింది. పెద్దది దాని చుట్టూ ఒక సుడి తిరిగి అదీ ఒరిగింది. ఆయన గాజు గొట్టంలో నీళ్ళు తీసుకుని వాకిట్లోకి నడిచాడు. నేను వెనకాలే వెళ్ళాను. చుక్కలు వేసి, ఆడించి, ఎండకు పట్టాడు. ఆ రంగు ఇప్పటికీ నా కళ్ళలో ఉంది. అదే ఆకుపచ్చ. ఆయన ఆ గొట్టాన్నే చూస్తూ నిలబడ్డాడు. నా ముఖంలోకి చూడలేదు.

మామ మా వెనకే వచ్చాడు. "ఏమైంది రాజేశం? మంచిగనే ఉండె గద."

నేను నోరు తెరవాల్సింది అప్పుడు. నాకు మాట రాలేదని రాస్తే అబద్ధం. మాట వచ్చింది. "బస్సుల కుదుపుకు అయ్యిందేమో మామా," అన్నాను.

రాజేశం అన్న గొట్టంలోని నీళ్ళు నేల మీద పారబోశాడు. "ఔ మామా. నాదే తప్పు. బస్సుల ఉడ్కకు తట్టుకోలే. నేను తేవద్దుండె," అన్నాడు. ముందుగా చెడ్డది చెప్పే మనిషి, నాకు తెలిసి జీవితంలో మొదటిసారి అబద్ధం చెప్పాడు. అది కూడా తొణక్కుండా, తన తప్పులు చెప్పుకునే గొంతుతోనే చెప్పాడు. అందుకే అందరూ నమ్మారు.

పాలు పొంగిన ఇంట్లో అదే పూట చావు. ఆ మాట ముందు అత్త అంది, తర్వాత అందరూ అన్నారు. తెచ్చినవాళ్ళదే అపశకునం అయింది. సరోజన వదినె వంటగదిలో గోడవైపు తిరిగి ఏడ్చింది. ఆయన చనిపోయిన జోడును అదే థర్మాకోల్ డబ్బాలో పెట్టుకొని, వదినెను తీసుకొని, అన్నం తినకుండా బస్సెక్కాడు. ఆ నెలలోనే మామ స్కూటర్ మీదినుంచి పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఇక ఆ మాటకు తిరుగులేకుండా పోయింది. అత్త పెద్ద బిడ్డతో ఫోనులో మాట్లాడడం తగ్గించింది. నేను మాత్రం మంచి అల్లుణ్ణయ్యాను. మామను ఆసుపత్రికి తిప్పింది నేనే. ఆయన నన్ను చూసి కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు. పెళ్ళయిన నాటినుంచి నేను కోరుకున్న జాగా దొరికింది. వేపచెట్టు నీడలో మంచం కూడా నాదే.

ఆదివారాల ఫోను మాత్రం ఆగలేదు. "నీళ్ళు ఎట్లున్నయి తమ్మీ?" అనేవాడు. చేపల మాట లేదు, అబద్ధం మాట లేదు. తిట్టి ఉంటే సమానమయ్యేవాళ్ళం. ఆయన తిట్టలేదు. నాకు ఆయన నిజాల మీదే అసూయ ఉండేది, ఇప్పుడు ఆయన అబద్ధం మీద కూడా మొదలైంది. నా అబద్ధం నన్ను దాచడానికి, ఆయన అబద్ధం నన్నే దాచడానికి. రెంటినీ పక్కన పెట్టుకొని చూడడం కంటే ఆయన్ను ద్వేషించడం తేలిక. కొన్నాళ్ళు అదే చేశాను. ఆదివారం ఫోను మోగితే స్నానాల గదిలోకి వెళ్ళేవాణ్ణి.

బతుకమ్మ వచ్చింది. హుస్నాబాద్ ఇంట్లో ఏటా పెద్ద బతుకమ్మ పేర్చేది సరోజన వదినె. ఆ ఏడు ఆమె రాలేదు. పిలిచారో లేదో నేను అడగలేదు. సునీత ఒక్కతే తంగేడు, గునుగు పేర్చింది. సగానికి వచ్చాక బతుకమ్మ ఒక పక్కకు ఒరిగింది. విప్పి మళ్ళీ పేర్చింది, మళ్ళీ ఒరిగింది. నేను పూల బుట్ట అందిస్తూ పక్కన కూర్చున్నాను. ఆమె పువ్వుల మీదినుంచి చూపు తియ్యకుండా మెల్లగా అంది.

"గృహప్రవేశం ముందటి ఆదివారం నువ్వు పొద్దుగాల మొక్కలల్ల పారబోసిన నీళ్ళు ఏ రంగున్నయో నేను చూసిన."

నేను బుట్ట కింద పెట్టాను.

"మరి ఎందుకు చెప్పలే?" అన్నాను.

"నువ్వు చెప్తవని చూస్తున్న. ఇన్నొద్దులు చూసిన. గిప్పుడు మా అక్క పుట్టింటికి రాకపాయె."

దసరా నాడు పొద్దుగూకే వేళ జమ్మి చెట్టు దగ్గరినుంచి అందరం తిరిగి వచ్చాం. జమ్మి ఆకును మేము బంగారం అంటాం. పెద్దల చేతిలో పెట్టి కాళ్ళు మొక్కాలి. మామ తుంటికి కట్టు ఇంకా విప్పలేదు, కుర్చీలో కూర్చున్నాడు. బామ్మర్ది, అత్త, ఇరుగుపొరుగు నలుగురు ఉన్నారు. నా వంతు వచ్చింది. ఆకు ఆయన అరచేతిలో పెట్టాను. కాళ్ళకు వంగినవాణ్ణి లేవకుండా అక్కడే కింద కూర్చున్నాను.

"ముందుగాల చెడ్డది చెప్త మామా," అన్నాను.

చెప్పాను. నీళ్ళు కాలేదని నాకు తెలుసుననీ, అయ్యాయని రాజేశం అన్నకు ఫోనులో చెప్పాననీ, బస్సు కుదుపని అన్నది నేనేననీ. మాటలు తడబడలేదు. అంతా విని మామ అరచేతిలోని ఆకును చూశాడు. నన్ను తిడతాడనుకున్నాను. ఆయన తల ఎత్తి అత్తతో అన్నాడు, "అయితే రాజేశం అబద్ధమాడిండా? ఎన్నడు ఆడనోడు. వీని కోసం ఆడిండా?" ఆయన గొంతులో ఉన్నది నా మీద కోపం కాదు, రాజేశం అన్న మీద ఆశ్చర్యం. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నా తప్పు అక్కడ ఎవరికీ పెద్దగా పట్టలేదు. నేను సిగ్గు విడిచి ఒప్పుకున్నది కూడా చివరికి ఆయన పేరునే పెంచింది. నవ్వుకోండి, ఆ క్షణంలో కూడా, ఆ నేల మీద కూర్చునే, నాకు మళ్ళీ ఆయన మీద అసూయే కలిగింది.

మరునాడు జమ్మి ఆకు జేబులో పెట్టుకొని బెల్లంపల్లి వెళ్ళాను. ముందుగదిలో తొట్టి వెలుగుతూనే ఉంది. లోపల రాళ్ళు, నీళ్ళు. చేపలు లేవు. ఆయన మళ్ళీ కొనలేదు. అయినా కుర్చీలు వరసగానే ఉన్నాయి. అప్పటికే హుస్నాబాద్ నుంచి ఫోను వచ్చిందని ఆయన ముఖం చూడగానే తెలిసింది. ఆకు చేతిలో పెట్టి కాళ్ళకు వంగాను. ఆయన నన్ను లేపి గట్టిగా హత్తుకొని, వీపు మీద గోడను తట్టినట్టు కణుపులతో రెండుసార్లు తట్టాడు.

"ఏం మనిషివయ్యా. జిందగీల ఒక్క అబద్ధమాడిన, దాన్ని గూడ ఖరాబ్ చేసినవ్."

"తప్పయిందన్నా."

"అయింది. ఒప్పుకున్నవు. జోకర్లు అయితే తిరిగి రావు," అన్నాడు. ఆ చివరి మాట అంటూ ఆయన ఖాళీ తొట్టి వైపు తిరిగాడు. ఆ జోడు పోయినందుకు ఆయన ఎంత బాధపడ్డాడో నాకు అప్పటిదాకా తెలియదు. తెలుసుకోవాలని అనుకోలేదు. సరోజన వదినె చాయ్ తెచ్చి నా ముందు పెట్టి, నిలబడి, "సద్దుల బతుకమ్మ నాడు ఈ వాకిట్లనే చిన్నది పేర్చుకున్న, శీనూ," అని లోపలికి వెళ్ళింది. ఆమె అన్నది అంతే. ఆయన క్షమించినట్టు ఆమె క్షమించలేదు. క్షమించాలని నేనూ అడగలేదు. కానీ మరుసటి ఏడు హుస్నాబాద్‌లో పెద్ద బతుకమ్మను ఆమే పేర్చింది. అది ఒరగలేదు.

రాజేశం అన్న పోయి కొన్నేళ్ళయింది. ఎండాకాలంలో, పగటి నిద్రలో పోయాడు. ఆయన అంత్యక్రియలకు వచ్చిన జనాన్ని చూసి నేను ఏమనుకున్నానో ఇప్పటికే మీకు తెలిసి ఉంటుంది. పోయిన నెల వదినె క్వార్టర్ ఖాళీ చేస్తూ ఆయన తొట్టిని నా దగ్గరికి పంపింది. గోడలో నేను కట్టించుకున్న పెద్ద తొట్టిని ఎప్పుడో తీసేసి ఆ చోట అలమర పెట్టాం. ఆయనది చిన్నది, ఒక మూల గాజు మీద గీత పడింది. దాన్ని ముందుగదిలో పెట్టి, ఇసుక పోసి, రాళ్ళు పేర్చి, మొదటి నుంచి మొదలుపెట్టాను. వచ్చినవాళ్ళు చేపలేవని అడుగుతారు. ఇంకా నీళ్ళు కాలేదంటాను. ఆయన అన్నట్టు నవ్వించడం నాకు రాదు. ఉత్త నీళ్ళ ముందు ఆయన కూర్చున్నంత నిమ్మళంగా కూర్చోవడం కూడా నాకు ఇంకా చేతకాలేదు. దాని మీద కూడా నాకు అసూయే.

ఇందాక ఉప్పు కలపడం పూర్తయ్యాక గాజు గొట్టం కడిగి, తొట్టి నీళ్ళు తీసుకుని, చుక్కలు వేసి వాకిట్లో ఎండకు పట్టాను. అప్పుడే ఫోను మోగింది. ఈ రోజు ఆదివారం. ఆయన పోయాక ఆ ఫోను వదినె చేస్తోంది. ఎందుకు చేస్తుందో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. పలకరింపులు ఉండవు.

"నీళ్ళు అయినయా, శీనూ?"

గొట్టాన్ని కళ్ళ దగ్గరికి తెచ్చుకొని చూశాను.

"కాలే వదినె," అన్నాను. "ఆకురంగే ఉన్నది."